పెన్నుల మీద చేపకళ్ళు

"ఎవ్వరూ కదలొద్దు! ఈ గదిలో ఒక ఘోరం జరిగింది. దాన్ని ఛేదించగల మెదడు ఈ ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది. మీ అదృష్టం కొద్దీ అది ఇప్పుడే టిఫిను చేసి వచ్చింది."

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, అక్క పనిగది గుమ్మంలో నిలబడి, ఒక చెయ్యి నడుం మీదా ఇంకో చెయ్యి గాల్లోనూ పెట్టి, భూతద్దం అని ఊరంతా పిలిచే ఆమె తమ్ముడు చేసిన ప్రకటన ఇది. గదిలో కదలడానికి ఉన్నది ఇద్దరే. ఒకరు లేత్ మిషను ముందు స్టూలు మీద కూర్చున్న అక్క. రెండోవారు కిటికీ పక్కన ప్రూఫులు దిద్దుకుంటున్న ఆమె భర్త. భూతద్దానికి ఆయన బావ. ఆ వీధిలో చాలామంది అలాగే పిలుస్తారు కాబట్టి మనమూ బావ అనే అనుకుందాం. బావ నిజంగానే కదల్లేదు. బావమరిది ప్రకటనలకి కదలకుండా ఉండటం ఆయనకి పన్నెండేళ్ళ సాధన.

"అయితే ఇంకోసారి టిఫిను పెట్టక్కర్లేదుగా?" అన్నాడు కాగితం మీంచి కళ్ళెత్తకుండా.

"పరిశోధనకి ఆకలి బద్ధశత్రువు బావా. ఏం చేశారు?"

భూతద్దం ఉద్యోగం బస్టాండులో, పోయిన వస్తువుల కౌంటర్లో. ఎవరో మర్చిపోయిన గొడుగు చేతికొస్తే చాలు, జేబులోంచి అద్దం తీసి ఆ చివర్నుంచి ఈ చివరికి చూసి, 'దీని యజమాని ఎడమచేతివాటం మనిషి, మీసాలున్నాయి, జీవితంలో దారుణంగా మోసపోయాడు' అని రిజిస్టరులో రాసేవాడు. సాయంత్రానికి ఓ కాలేజీ అమ్మాయి వచ్చి, "నా గొడుగండీ" అనేది. 'మీసాలు తీసేసిందన్నమాట' అని కింద ఇంకో లైను రాసుకునేవాడు. అసలు పేరు ఆఫీసు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ అతను భూతద్దమే. తనకి మాత్రం తను మహా పరిశోధకుడు.

అయితే ఈసారి ఆ ఇంట్లో కష్టం నిజమే.

అక్క చెక్కతో పెన్నులు చేస్తుంది. ఇరవై ఏళ్ళ చెయ్యి. ఊళ్ళో నర్సుల శిక్షణ కేంద్రంలో పాత కాన్పుల వార్డు పడగొడుతూ, దాని తలుపుని అక్కడి పెద్ద నర్సమ్మ స్వయంగా రిక్షాలో వేసుకుని తెచ్చి అక్క ముందు దించింది. డెబ్బై ఏళ్ళ టేకు. "ఈ తలుపులోంచి ఎంతమంది తల్లులు లోపలికెళ్ళారో లెక్కలేదమ్మా. ఈ ఏడు ముప్ఫయ్యారు మంది పిల్లలు మంత్రసాని పని నేర్చుకుని బయటికొస్తున్నారు. తలా ఒక పెన్ను చేసిపెట్టు. పుట్టిన బిడ్డ బరువూ టైమూ వాళ్ళు రాసే మొదటి పెన్ను ఇదే కావాలి" అంది. ఈ ఆదివారానికి పట్టాలిచ్చే రోజు ఇంకా నెల దూరంలో ఉంది. సగం తలుపు చెదలు తినేయగా మిగిలిన దాంట్లో సరిగ్గా ముప్ఫయ్యారు పెన్నులకే చెక్క వచ్చింది.

ముక్కలు కోసి, లోపల తొలిచి, ఇత్తడి గొట్టాలు అంటించి, లేత్ మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం వరకు అంతా బాగానే జరిగింది. తర్వాతది వార్నిష్. దీనికి బ్రష్షు పనికిరాదు. మెత్తటి నూలుగుడ్డని బుల్లి దిండులా మడిచి, కాస్తంత తడిపి, పెన్ను చుట్టూ తుడుస్తున్నట్టుగా పూయాలి. పూత ఉందా లేదా అన్నంత పల్చగా ఉండాలి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే సన్నరకం ఉప్పుకాగితంతో అలా నిమిరి, మళ్ళీ పూయాలి. అలా ఎనిమిది పూతలు పడి, రెండు వారాలు ముట్టుకోకుండా వదిలేస్తే ఆ పెన్నులోకి చెమట దిగదు, సబ్బు దిగదు, స్పిరిటు దిగదు. రోజుకి యాభైసార్లు కడుక్కునే చేతుల్లో బతకాల్సిన పెన్నుకి అంతకంటే ఏం కావాలి?

కానీ ఈసారి పూసిన నిమిషానికే తడి వార్నిష్ పక్కకి జరిగిపోయి, చెక్క మీద గుండ్రటి బుల్లి బుల్లి మచ్చలు తేలేవి. మధ్యలో ఖాళీ, చుట్టూ గట్టు. పనివాళ్ళు వాటిని చేపకళ్ళు అంటారు. అక్క మొత్తం రుద్దేసి మళ్ళీ పూసింది. మళ్ళీ చేపకళ్ళే. ఇంకోసారి రుద్దేసింది. ఇక రుద్దడానికి చెక్క లేదు. ఇప్పటికే చెక్క అంచు, చివర బిగించబోయే లోహపు రింగుకి సమానంగా వచ్చేసింది. ఇంకొక్కసారి మాత్రం, అదీ ఉల్లిపొరంత రుద్దొచ్చు. అది దాటితే పట్టుకున్న వేలికి మెట్టులా తగులుతుంది.

"నా చేతిలోనే ఏదో తేడా వచ్చిందండీ. యాభై దాటాయిగా" అంది అక్క ముందురోజు, వేళ్ళు చాపి చూసుకుంటూ. "సోమవారం వెళ్ళి పెద్ద నర్సమ్మకి నావల్ల కాదని చెప్పేస్తాను."

ఆమె నోట 'నావల్ల కాదు' అన్న మాట బావ అదే మొదటిసారి వినడం. ఆ దిగులుతో ఆయన ఆ రోజు ఒక పాఠ్యపుస్తకం ప్రూఫులో 'గుండెకు నాలుగు గాడిదలు ఉండును' అన్న వాక్యాన్ని అలాగే వదిలేశాడు. ఆ గాడిదలని గదులుగా దిద్దడానికి ప్రెస్సుకి పరిగెత్తుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

"చెప్పు అక్కా. మొదట్నుంచీ చెప్పు. ఏదీ దాచకు" అన్నాడు భూతద్దం రెండో టిఫిను ప్లేటు ఒళ్ళో పెట్టుకుని.

"చేపకళ్ళు పడుతున్నాయిరా."

"ఎవరివి?"

"ఎవరివేమిట్రా? పెన్నుల మీద."

"పెన్నుల మీద చేపకళ్ళవాడి కన్ను పడింది" అని అతను డైరీలో రాసుకున్నాడు. "మనిషి ఎలా ఉంటాడు?"

"మనిషి కాదయ్యా" అన్నాడు బావ. "గుంటలు. చిన్న చిన్న గుంటలు."

"గుంటలా! అయితే ఆడపిల్లల ముఠా అన్నమాట!"

బావ ఎర్రసిరా పెన్నుకి క్యాపు పెట్టేశాడు. కొన్ని తప్పులు దిద్దడానికి లొంగవు.

భూతద్దం అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. వెనక తీగ మీద ఏడు గుడ్డముక్కలు వరసగా ఆరేసి ఉన్నాయి.

"బావా, అటు చూడు. రెండు చిన్నవి, మూడు పెద్దవి, మళ్ళీ రెండు చిన్నవి. ఇది సంకేతం! ఎవరో ఎవరికో ఏదో చెప్తున్నారు!"

"నేను చెప్తున్నా విను" అంది అక్క. "వార్నిష్‌తో తడిసిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే లోపల్లోపలే వేడెక్కి అంటుకుంటాయి. అందుకని విడదీసి ఆరేసి, తర్వాత పారేస్తాను."

"అంటుకుంటాయా? అంటే గృహదహనం కూడా ఉందన్నమాట!" అని భూతద్దం ఆనందంగా ఇంకో పేజీ తిప్పాడు. "అక్కా, వారం రోజులు నాకివ్వు. సోమవారం ఎక్కడికీ వెళ్ళకు."

ఆ ఒక్క మాటకి మాత్రం బావ లోలోపల కృతజ్ఞత చెప్పుకున్నాడు. కారణం ఏదైతేనేం, అక్క వెళ్ళడం వాయిదా పడింది.

ఆ కృతజ్ఞత మంగళవారం దాకా నిలిచింది. ఆ రోజు అక్క కూరగాయలకి వెళ్ళిన అరగంటలో భూతద్దం పనిగదిలో చొరబడి, దుండగుడి అడుగుజాడల కోసం నేలంతా ముఖానికి రాసుకునే పౌడరు రెండు డబ్బాలు చల్లాడు. చల్లాక ఉక్కగా ఉందని ఫ్యాను వేశాడు. వార్నిష్‌కి దుమ్ముని మించిన పగవాడు లేడని తెలిసిన అక్క వచ్చి చూసేసరికి గదిలో మంచు కురిసినట్టుంది. పెన్నులు అద్దాల బీరువాలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి. అక్కా బావా కలిసి మూడు గంటలపాటు తడిగుడ్డలతో తుడిచారు. ఆ మూడు గంటలూ భూతద్దం నేల మీద బోర్లా పడుకుని తుడవని మూలలో దొరికిన ఒక అడుగుజాడని పరీక్షిస్తూనే ఉన్నాడు.

"ఎనిమిదో నంబరు చెప్పు. కుడికాలు కాస్త లోపలికి పడుతుంది. భారీ మనిషి. మహా తెలివైనవాడు."

"తెలివైనవాడని చెప్పులో ఎలా తెలిసింది?" అడిగాడు బావ.

"నడకలో తెలిసిపోతుంది బావా. ఆ ఠీవే వేరు."

బావ వంగి, అతని కుడికాలి చెప్పు తీసి ఆ జాడలో పెట్టాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. భూతద్దం దాన్ని అద్దంలోంచి మళ్ళీ చూశాడు.

"నా చెప్పులే వేసుకొచ్చాడంటే వాడు నాకు బాగా దగ్గరివాడే" అన్నాడు చివరికి.

మర్నాడు కేసు డైరీ దిద్దిపెట్టమని బావకిచ్చాడు. 'నిందితుడు' అని రాయాల్సిన చోటల్లా 'నిద్రితుడు' అని ఉంది. నిద్రితుడు పారిపోయెను, నిద్రితుని వెంటాడితిని, అంటూ నాలుగు పేజీలు. మూడో పేజీలో 'ఆధారాలు సేకరించితిని' అనబోయి 'ఆహారాలు సేకరించితిని' అని రాశాడు. బావ అన్నీ దిద్ది, దాన్ని మాత్రం వదిలేశాడు. డైరీ మొత్తంలో నిజమైన వాక్యం అదొక్కటే.

ఇక చేపకళ్ళవాడి వేట మిగిలింది. రెండు రోజులు వీధిలో ఎదురైన ప్రతి మనిషి కళ్ళల్లోకి అద్దం పెట్టి చూసి, ఒక పాలవాడి చేత తిట్లు తిని, చివరికి శుక్రవారం పొద్దున రొప్పుతూ వచ్చాడు. "దొరికాడు! గుడ్లంత కళ్ళు! రెప్ప వెయ్యడు! పైగా వార్నిష్ అమ్మేది వాడే!"

అక్క చేతిలో ఉలి కింద పెట్టేసింది. "నోర్ముయ్. బాబాయ్‌ని అంటున్నావా? సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుంటే ఎవరి కళ్ళయినా అలాగే ఉంటాయి."

కానీ అతను అప్పటికే వీధిలో ఉన్నాడు. "ఏవండీ, వెంట వెళ్ళండి. ఆయన ముందు మన పరువు తీస్తాడు" అంది అక్క. బావ చెప్పులు వేసుకున్నాడు.

వార్నిష్ షాపు పొడుగ్గా, చీకటిగా ఉంటుంది. రెండు పక్కలా అరల నిండా డబ్బాలు, పైన వేలాడే బ్రష్షులు, గుమ్మంలోనే గుప్పున కొట్టే టర్పెంటైను వాసన. భూతద్దం మారువేషంలో ప్రవేశించాడు. మారువేషం అంటే పెట్టుడు గడ్డం, నల్లకళ్ళద్దాలు. ఆ చీకట్లో ఆ అద్దాలతో అతనికి మొదట తగిలింది సున్నం డ్రమ్ము, తర్వాత నిచ్చెన.

"రావోయ్ భూతద్దం. జాగ్రత్త" అన్నాడు కౌంటరు వెనక నుంచి పెద్దాయన. "గడ్డం ఎప్పుడు పెంచావు? అక్క బాగుందా?"

"మీరు పొరబడుతున్నారు. నేను పైదేశపు కలప వ్యాపారిని."

"ఓహో. వ్యాపారిగారూ, మీ అక్క బాగుందా?"

"బాగానే ఉంది బాబాయ్... అది సరే! మీ కళ్ళు ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?"

"అద్దాలు పెట్టిన దగ్గర్నుంచి."

"తీయండి చూద్దాం."

పెద్దాయన తీశాడు. కళ్ళు మామూలు కళ్ళయిపోయాయి. "చూశావా బావా!" అని భూతద్దం ఎగిరాడు. "కళ్ళ ముందే కళ్ళు మార్చేశాడు! ఒప్పేసుకోండి. మా అక్క పెన్నులు పాడుచేయడానికి వార్నిష్‌లో ఏం కలిపారు?"

బావ అతని నోరు మూయడానికి చెయ్యి చాపాడు గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. పెద్దాయన అద్దాలు తుడుచుకుని మెల్లగా పెట్టుకున్నాడు. జేబులోంచి ఒక చెక్కపెన్ను తీసి కౌంటరు మీద పెట్టాడు. క్లిప్పు అరిగిపోయింది. చెక్క మాత్రం నిన్న మొన్న చేసినట్టు మెరుస్తోంది.

"అమ్మాయి చేసిన మొట్టమొదటి పెన్ను. ఇరవై ఏళ్ళయింది. గుడ్డ ఎలా మడవాలో, ఎంత తడపాలో ఈ కౌంటరు దగ్గరే నేర్పాను. అప్పుడిచ్చిన సరుకే ఇప్పుడూ ఇస్తున్నాను." ఆయన భూతద్దం వైపు తిరిగాడు. "ఈ అనుమానం అమ్మాయిదా, నీదా?"

"మాది కాదు బాబాయ్" అన్నాడు బావ. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. జరిగిందంతా చెప్పాడు.

"మూడు వారాలుగా ఇంత అవస్థ పడుతుంటే నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"తన చెయ్యి పోయిందనుకుంటోంది. మీతో చెప్తే మీరూ అవునంటారేమోనని భయం."

పెద్దాయన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "రేపు సాయంత్రం ఐదింటికి వస్తాను. సీలు తియ్యని డబ్బా తెస్తాను. నా ముందు పూయమను."

"విన్నావా బావా!" భూతద్దం గుసగుసగా అరిచాడు. "నేరస్తుడు నేరస్థలానికి తిరిగొస్తున్నాడు! టైము కూడా చెప్పాడు!"

శనివారం ఐదింటికి పనిగదిలో నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గుట్టు విప్పేటప్పుడు అందరూ కూర్చోవాలని భూతద్దం పట్టు. ఎవరూ కూర్చోలేదు. అక్క ఒక పెన్ను చెక్కని లేత్‌కి బిగించింది. దాన్ని ఉల్లిపొరంత రుద్ది సిద్ధం చేసింది. చెడితే ముప్ఫయ్యారులో ఒకటి పోయినట్టే. పెద్దాయన తెచ్చిన డబ్బా సీలు తీసి చిన్న గిన్నెలో నాలుగు చెంచాలు పోశాడు. అక్క వేళ్ళు చాపి ఒకసారి చూసుకుంది. బావా పెద్దాయనా గోడవంక చూశారు.

"ఆగండి!" భూతద్దం మూడుకాళ్ళ స్టూలెక్కాడు. "నిజం ఎప్పుడూ పైనుంచే చెప్పాలి. వారం రోజులుగా ఈ మహానేరపు సాలెగూటిలో దారం వెంట దారం పట్టుకుని నడిచాను. నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు. మీ మధ్యే ఉన్నాడు. అతని పేరు..."

పేరు చెప్పడానికి ఠీవిగా ఒక అడుగు ముందుకేశాడు. స్టూలు మీద ముందు అనేది లేదు.

లేవదీసి చూస్తే ముంగాలు లేత్ మూలకి గీరుకుంది. గాయం వేలిగోరంత ఉంది. అరుపులు మాత్రం కాలు తెగిపడ్డంత వినిపించాయి. అక్క పక్కనున్న, వార్నిష్ పూసే గుడ్డల సంచీ లాక్కుని ఒక ముక్క చుట్టింది.

"ఇంకా కట్టు అక్కా. రక్తం ప్రవాహంలా పోతోంది."

"రెండు చుక్కలురా."

"లోపల పోతోంది. ఇంకోటి కట్టు. అబ్బా, ఇంకోటి. మెత్తగా ఉన్నవే చూసి కట్టు."

అతను శాంతించేసరికి సంచీ ఖాళీ అయింది. కాలు మోకాలిదాకా దిండులా తయారైంది. ఇటు గిన్నెలో పోసిన వార్నిష్ చిక్కబడటం మొదలైంది.

"పూయడానికి గుడ్డ?" అన్నాడు పెద్దాయన.

ఇంట్లో వేరే నూలుగుడ్డ లేదు. దుప్పట్లన్నీ నైలాను కలిసినవి. అక్క కళ్ళు మెల్లగా కిటికీలోంచి తీగ మీదికి వెళ్ళాయి. అక్కడ బావ ఇష్టపడే తెల్లచొక్కా ఆరుతోంది. పదహారేళ్ళది. రోజూ తనే సబ్బుబిళ్ళతో ఉతుక్కుంటాడు. జేబు మీద ఎర్రసిరా మరక తప్ప దానికి ఏ లోపమూ లేదని ఆయన వాదన. పారేయమని అక్క పదేళ్ళుగా పోరుతోంది.

ఆమె అడగలేదు. ఆయనే వెళ్ళి తెచ్చాడు. చెయ్యి దగ్గర కుట్టు పట్టుకుని పర్రున చింపి ఇచ్చాడు.

అక్క ఆ ముక్కని బుల్లి దిండులా మడిచింది. అంచు వార్నిష్‌లో ముంచింది. ఎడమచేత్తో లేత్‌ని మెల్లగా తిప్పుతూ, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి తుడిచింది. ముగ్గురూ ఒంగారు. ఒక నిమిషం. టేకు గీతలు తడిసి తేనెరంగుకి తిరిగాయి. రెండో నిమిషం. మూడోది. ఎక్కడా ఒక్క కన్ను తెరుచుకోలేదు.

"అయిపోయింది!" అని కింద నుంచి భూతద్దం గర్జించాడు. "కొత్త డబ్బా బాగుంది, అంటే పాత డబ్బా కల్తీ! ఒప్పుకోండి!"

"పాత డబ్బా ఇటివ్వు తల్లీ" అన్నాడు పెద్దాయన. పాత వార్నిష్‌ని అదే చొక్కా ముక్కతో ఒక పనికిరాని చెక్కముక్క మీద పూయించాడు. అద్దంలా పరుచుకుంది. పెద్దాయన అద్దాలు సర్దుకుని, "ఇంతకుముందు ఏ గుడ్డతో పూశావు?" అన్నాడు.

అక్కా, బావా, పెద్దాయనా ముగ్గురూ ఒకేసారి భూతద్దం కాలివంక చూశారు.

"కేసు తేలిపోయింది!" అన్నాడు భూతద్దం, తన కాలివైపు చూడకుండానే. "గుడ్డ! కుట్రంతా గుడ్డలో ఉంది! ఆ గుడ్డలు ఈ ఇంట్లోకి తెచ్చిన దుర్మార్గుడెవడో చెప్పక్కా, ఈ క్షణమే పట్టుకుంటాను!"

"నువ్వేరా" అంది అక్క. "అవి నీ బనియన్లు. ఈ పెన్నులు మొదలెట్టినప్పుడు 'నీ పనికి పనికొస్తాయి' అని సంచీ నిండా నువ్వే తెచ్చిచ్చావు."

పెద్దాయన కట్టులోంచి ఒక ముక్క లాగి, "అబ్బా, అమ్మా" అంటున్నా వినకుండా వార్నిష్‌లో ముంచి ఆ చెక్కముక్క రెండో వైపు తుడిచాడు. లెక్కపెట్టినట్టు పదకొండు చేపకళ్ళు తెరుచుకున్నాయి. ఆయన ఆ గుడ్డని వాసన చూశాడు. "పూల వాసనొస్తోందే. దేంతో ఉతుకుతారు?"

అక్క మరదలికి, అంటే భూతద్దం భార్యకి, ఫోను చేసి స్పీకరు పెట్టింది. "మామూలు సబ్బే వదినా. కాకపోతే చివర్లో ఆ మెత్తబరిచే వాసన నీళ్ళున్నాయి చూడండి, అందరూ ఒక మూత పోస్తే నేను మూడు మూతలు పోస్తాను. లేకపోతే బనియన్లు గుచ్చుకుంటున్నాయని ఈయన పొద్దస్తమానం గోల. ఏం, ఏమైంది? మళ్ళీ ఎక్కడైనా పడ్డారా?"

"పడ్డాడు. బాగానే ఉన్నాడు" అని అక్క ఫోను పెట్టేసింది.

"అదే" అన్నాడు పెద్దాయన. "ఆ నీళ్ళు గుడ్డకి జారుడుగా ఒక పొర పట్టిస్తాయి. గుడ్డ నుంచి చెక్కకి అంటుతుంది. దాని మీద వార్నిష్ నిలవదు. నీ చేతికేమీ కాలేదమ్మా. చెక్కలన్నీ టర్పెంటైనుతో ఒకసారి తుడిచి, పైపైన రుద్ది, మొదలెట్టు."

అక్క తల వంచుకుని చేతులు కొంగుకి తుడుచుకుంది. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని చాలాసేపు తుడుచుకుంది. బావ ఆమె పక్కకి వెళ్ళి, చొక్కా రెండో చెయ్యి కూడా చింపి ఇచ్చాడు.

"నేరస్తుడు ఎంత గడుసువాడో చూశారా" అంటున్నాడు భూతద్దం. "సాక్షాత్తు డిటెక్టివు ఒంటికే అంటిపెట్టుకుని తిరిగాడు! అయినా వాసన పట్టేశాను."

"ఒరేయ్. ముందు బాబాయ్‌కి క్షమాపణ చెప్పు."

భూతద్దం డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు. కేసుల్లో ఇలాంటి మలుపు అతనికి అలవాటు లేదు. చివరికి కుంటుకుంటూ లేచి, "తప్పయిపోయింది బాబాయ్. కళ్ళు చూసి మనిషిని అనుమానించాను" అన్నాడు. ఎక్కడా బడాయి లేకుండా అతనన్న మొదటి మాట అది. పెద్దాయన నవ్వి, "ఫర్వాలేదు వ్యాపారిగారూ" అన్నాడు.

ఎనిమిది రోజులు, ఎనిమిది పూతలు. మొదటి పూతకి చొక్కా చేతులు, తర్వాత వీపు, తర్వాత కాలరు పోయాయి. ఎనిమిదో పూత నాటికి ఎర్రమరక జేబొక్కటే మిగిలింది. బావ దాన్ని పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆరిన పెన్నులు బీరువాలో రెండు వారాలు గట్టిపడ్డాక, అక్క వాటికి నిబ్బులూ క్లిప్పులూ బిగించింది.

పట్టాల ముందురోజు పొద్దున్నే పెద్ద నర్సమ్మ వచ్చింది. నలభై ఏళ్ళు ఆ వార్డులో పనిచేసిన మనిషి. పెట్టెలోంచి ఒక పెన్ను తీసి, బొటనవేలితో పైనుంచి కిందిదాకా నిమిరింది. జేబులోంచి స్పిరిటు దూది తీసి గట్టిగా తుడిచి చూసింది. మెరుపు చెక్కు చెదరలేదు.

"ఈ తలుపు ఇంత నున్నగా నేనెప్పుడూ ఎరగనమ్మా" అంది. "వానాకాలం ఉబ్బిపోయి బిగుసుకునేది. తోసీ తోసీ నా కుడిభుజం పోయింది." అంటూనే కళ్ళొత్తుకుంది. అక్క కూడా అటు తిరిగిపోయింది.

ఆ సమయానికే భూతద్దం గొంతు సవరించుకున్నాడు. "ఈ మిస్టరీని ఛేదించింది నేనేనండీ. మీ దగ్గర కూడా తేలని కేసులేవైనా ఉంటే మొహమాటపడకండి."

"కేసులకేం కొదవ నాయనా? రోజుకి ఆరేడు వస్తాయి. ఇవాళ పొద్దున ఒకటి అడ్డం తిరిగింది."

"అడ్డం తిరిగిందా!" భూతద్దం కళ్ళు వెలిగాయి. డైరీ బయటికొచ్చింది. "అలాంటివే నాకిష్టం. నా చేతికి చిక్కితే జారిపోవడమనే ప్రశ్నే లేదు."

"అమ్మయ్య, అదే కావాలి. బాగా జారుతుంది మరి. రెండు చేతులూ కింద పెట్టి పట్టుకోవాలి. ముందు తల కనపడుతుంది. కంగారుపడి లాగకూడదు. మెడకి బొడ్డుపేగేమైనా చుట్టుకుందేమో వేలితో చూడాలి. తర్వాత ఒక భుజం, ఆ తర్వాత రెండోది..."

భూతద్దం రాయడం ఆగిపోయింది. మొహంలో రంగు పై నుంచి కిందికి దిగిపోవడం బావకి స్పష్టంగా కనిపించింది. ఆయన నిశ్శబ్దంగా ఒక కుర్చీ తెచ్చి అతని వెనక వేశాడు. సరిగ్గా సమయానికే వేశాడు.

"మగవాళ్ళెవరూ రారు నాయనా, నీకున్న ధైర్యం మెచ్చుకోవాలి" అంటూ పెద్ద నర్సమ్మ పెన్నుల పెట్టె చంకన పెట్టుకుంది. "రేపు ఎన్నింటికొస్తావు?"